ఆడబిడ్డకు సమను – అన్న చేతి సంతకం

కోర్టు జవాను ఊళ్లోకి వచ్చాడంటే ఆ కబురు ఆయన బండికన్నా ముందు పోతుంది. హోటలు దగ్గర కూర్చున్నవాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకొనే తల తిప్పి చూస్తారు. "ఎవలింటికొచ్చిండో!" అంటారు. ఆయన చేతిలో వున్న కాయితం మీద ఒక పేరు వుంటుంది, ఒక నంబరు వుంటుంది, ఒక తారీకు వుంటుంది. ఆ కాయితం ఎవరి చేతికి పోయిందన్న దాని మీద ఒక్కోసారి 2 ఎకరాల భూమి, పదేళ్ల తిరుగుడు, ఒక ఆడబిడ్డకు తల్లిగారింటి గడప ఆధారపడి వుంటాయి.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో – 2016 అక్టోబరు 11 తర్వాత ఇవి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల అని, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ అని ముక్కలైనాయి – భూమి తగాదాల్లో ఎక్కువ పీడించేవి పరాయివాళ్లతో వచ్చే తగాదాలు కావు. సొంత తోబుట్టువులతో, పాలోళ్లతో వచ్చేవి. గెట్టు తగాదా అయితే పెద్దమనుషులు తాడు పట్టి తెంపుతారు. పంపకం తగాదా మాత్రం కోర్టు గడప ఎక్కుతుంది. ఎక్కినాక మొట్టమొదటి మెట్టు సమను. ఈ మెట్టు దగ్గరే ఎంతోమంది, ముఖ్యంగా ఆడబిడ్డలు, ఆట మొదలు కాకముందే ఓడిపోతున్నారు. దీని గురించి రాయాలని మేము చాలాకాలంగా అనుకుంటున్నాము.

ఒక ఇంటి సంగతి

ఒక ఇల్లు తీసుకుందాం. పేరు వద్దు, ఊరు వద్దు. చదివేవాళ్లు తమకు తెలిసిన ఇంటినే అనుకోవచ్చు.

తాత నాటినుంచి వచ్చిన భూమి 6 ఎకరాలు. తల్లిదండ్రులు పోయారు. వీలునామా లేదు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లె. చెల్లెను 1995లో గోదావరి అవతల ఇచ్చారు. చట్టం ప్రకారం ముగ్గురికీ తలా 2 ఎకరాలు. కానీ పెద్దన్న విడిపోవాలనుకొని పంపకం దావా వేశాడు. దావాలో చెల్లెను ప్రతివాదిగా చూపక తప్పదు. వాటాదారును విడిచిపెడితే దావాయే నిలవదని వకీలు చెప్పాడు. పేరు రాశాడు. చిరునామా దగ్గర మాత్రం ఆమె అత్తగారి ఊరు రాయలేదు. తల్లిగారి ఇల్లే రాశాడు. "పెండ్లినాడే కట్నం, బంగారం కింద తన పాలు తీసుకొని భూమి మీద హక్కు వదులుకున్నది" అని కూడా రాశాడు. తనకు 3, తమ్మునికి 3 ఎకరాలు రావాలన్నాడు.

జవాను వచ్చాడు. ఇంటి ముందు తమ్ముడు కనపడ్డాడు.

"పటేలా, ఈ పేరుగల్లామె ఉన్నదా?"

"మా చెల్లెనే సారూ. ఇప్పుడు ఇంట్ల లేదు. ఇటియ్యుండ్రి, నేను తీసుకుంట."

సంతకమైంది. ‘ఇంట్లో వుండే వయసువచ్చిన కుటుంబ సభ్యునికి అందజేయడమైనది’ అని కాయితం వెనుక రాసుకొని జవాను వెళ్లిపోయాడు. పేషీ నాడు పేరు పిలిచారు. చెల్లె రాలేదు. ఆమెకు తెలిస్తే కదా రావడానికి! ఏకపక్షం అన్నారు. పెద్దన్న సాక్ష్యం చెప్పాడు. తమ్ముడు ఎదురు చెప్పలేదు. డిక్రీ అయింది.

ఆ మధ్యలో రెండు బతుకమ్మ పండుగలు గడిచాయి. రెండుసార్లూ చెల్లె తల్లిగారింటికి వచ్చింది. వదినెలు చీర పెట్టారు, ఒడిబియ్యం పోశారు. అన్నకు రాఖీ కట్టింది. ఒక్కరూ నోరు తెరవలేదు. మూడో ఏడు కమీషనరు వచ్చి పొలంలో రాళ్లు పాతినప్పుడు, ఊరివాళ్ల నోటినుండి ఆమెకు తెలిసింది.

"అన్నా, నన్ను అడిగితే నేనేమన్న కాదంటుంటినా? కాయితం దాచిపెట్టుడెందుకు?" అని అడిగిందనుకోండి. ఆ మాటకు అన్న దగ్గర జవాబు వుండదు. ఒకవేళ ఆమె భూమి అడగకుండా వదిలేసేదే కావచ్చు. మన ఊళ్లలో అట్లా వదిలేసే ఆడబిడ్డలే ఎక్కువ. కానీ వదిలేయడం వేరు, తెలియకుండా తీసుకుపోవడం వేరు.

ఆమె వస్తే ఏమయ్యేది?

ఈ సంగతి గట్టిగా చెప్పాలి. ఆమె గనక పేషీకి వచ్చివుంటే అన్న వాదం నిలిచేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆనాటికి పెండ్లికాని బిడ్డలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన వాటా వచ్చింది. 1995లో పెండ్లయిన ఈ చెల్లె ఆ లెక్కలోకి వస్తుంది. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెండ్లి ఎప్పుడైందన్న దానితో పనిలేకుండా, బిడ్డలందరికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికివుండాలా వద్దా అన్న గొడవను 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి తండ్రి బతికివుండాలన్న షరతు లేదని చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను మాత్రం ఆ చట్టం కదిలించదు. నోటిమాట పంపకాన్ని కోర్టులు తేలికగా ఒప్పుకోవు.

ఇక కట్నం కింద హక్కు వదులుకున్నదన్న మాట. భూమి మీద హక్కు వదులుకోవాలంటే రిజిస్టరైన కాయితం కావాలి. నోటిమాట చాలదు. అంటే అన్న దావాలో సగం గాలిమాట. కానీ ఎదుట నిలబడి "అబద్ధం" అనే మనిషి లేకపోతే గాలిమాట కూడా సాక్ష్యంగా మారుతుంది. 2 ఎకరాలు పోయింది చట్టం లేక కాదు, కాయితం అందక.

‘ఇంట్లో వుండే’ అన్న మాట

సమను ఎలా ఇవ్వాలో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో 5వ ఆర్డరు చెబుతుంది. ఇది హైదరాబాద్ రాజ్యంలో మొదట లేదు. నిజాం కాలంలో కోర్టులు వేరు, కాయితాలు ఉర్దూలో వుండేవి. 1951 ఏప్రిల్ 1 నుంచి ఈ కోడు తెలంగాణకు వర్తించింది.

కోడు ప్రకారం సాధ్యమైనంతవరకు సమను ప్రతివాది చేతికే ఇవ్వాలి. దాంతోపాటు దావా నకలు ఇచ్చి తీరాలి. మనిషి ఇంట్లో లేక, తగిన వ్యవధిలో దొరికే అవకాశమూ లేక, ఆయన తరపున తీసుకునే ఏజెంటూ లేకపోతే, అప్పుడు 15వ రూలు ప్రకారం ఆయనతో కలిసి వుండే, వయసువచ్చిన కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చు. ఇంట్లో పనిచేసే జీతగాడు కుటుంబ సభ్యుడు కాడని ఆ రూలే చెబుతుంది.

ఇక్కడ అసలు కీలకం ‘కలిసి వుండే’ అన్న మాట. అత్తగారింటికి పోయిన చెల్లె అన్నతో కలిసి వుండదు. రక్తసంబంధం వుండవచ్చు గాక, ఆమె సమను అన్న తీసుకోవడానికి వీల్లేదు. తమ్ముడు తీసుకోవడానికీ వీల్లేదు. వేరుపడి పక్క గల్లీలో వుంటున్న పాలివాడు తీసుకోవడానికీ వీల్లేదు. ఇక తగాదాలో ఎదుటి పక్షం వాడే ఆ కాయితం అందుకోవడం ఏ విధంగా న్యాయం? పిల్లికి పాలకుండ అప్పజెప్పినట్టే కదా!

ఒక మంచి మార్పును కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఈ రూలులో ‘వయసువచ్చిన మగ సభ్యుడు’ అని వుండేది. ఇంట్లో భార్య వున్నా, తల్లి వున్నా లెక్కలోకి రాకపోయేవారు. 1976లో చేసిన సవరణ 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలై, మగవారైనా ఆడవారైనా తీసుకోవచ్చని చెప్పింది. క్రిమినల్ కేసుల్లో మాత్రం ఆ ‘మగ’ అన్న మాట ఇంకా చాలా ఏండ్లు వుండిపోయింది. 2024 జూలై 1న కొత్త నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చాకే అది పోయింది. ఇంట్లో ఆడమనిషిని మనిషిగా లెక్కించడానికి ఒక చట్టానికి 1977 దాకా, ఇంకో చట్టానికి 2024 దాకా పట్టింది.

అయితే ఈ మార్పులో ఒక చిక్కు కూడా వుంది. పొద్దంతా పొలంలోనో, బీడీలు చుట్టుకుంటూనో వుండే ఆడమనిషి చేతికి ఇంగ్లీషు అక్షరాల ఫారం ఇచ్చి "ఇక్కడ నిశాని పెట్టవ్వా" అంటే, అది రేషను కాయితమో, బ్యాంకు కాయితమో అనుకొని వేలిముద్ర వేస్తుంది. మొగడు వచ్చేసరికి కాయితం బియ్యం గుల్లలో పడివుంటుంది. చట్టం దృష్టిలో సమను అందినట్టే. అందువల్ల ఇంట్లోని ఆడవాళ్లకు ఈ సంగతులు ముందు తెలియాలి.

ఇల్లు చూపించేవాడు ఎవడు?

మనిషి దొరకకపోతే, తీసుకోనంటే, 17వ రూలు ప్రకారం జవాను సమను నకలును ఇంటి బయటి తలుపుకు అంటించాలి. అంటించి, ఏ పరిస్థితిలో అంటించాడో, ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో పేరు, ఊరుతో సహా రాసి కోర్టుకు ఇవ్వాలి.

పూర్వం ఈ ఇల్లు చూపించే పని పటేలు, పట్వారీలది. సుంకరి ముందు నడిచేవాడు. పట్వారీ ఎవరి పక్షమో కాయితం కూడా ఆ పక్షమే తిరిగేది. రాత్రికి రాత్రే గడీకి కబురు పోయేది. అందుకే 1984 జనవరిలో ఆ పదవులను రద్దుచేసినప్పుడు రైతాంగం సంతోషించింది. తర్వాత వచ్చిన వి.ఆర్.ఓ. వ్యవస్థను 2020 సెప్టెంబరులో రద్దుచేశారు. ఒక ఐదేండ్ల పాటు ఊరికి ఒక రెవెన్యూ మనిషంటూ లేకుండా పోయాడు. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చారు. ఈ రాకపోకల నడుమ జవానుకు ఇల్లు చూపిస్తున్నది ఎవరు? తరచుగా దావా వేసినవాడే. బండి వెనుక కూర్చొని వస్తాడు. "గదే ఇల్లు" అంటాడు. సాక్షి సంతకం అతని జీతగానిది. తలుపుకు అంటించిన కాయితం సాయంత్రానికి వుండదు, గాలి తీసుకుపోయిందో, మనిషి తీసుకుపోయాడో ఎవరికి ఎర్క?

మేము జవానులందరినీ తప్పుపట్టడం లేదు. ఒక్కొక్కరి కింద లెక్కలేనన్ని ఊళ్లు. సొంత బండి మీద, ఎండలో వానలో తిరగాలి. వెళ్లినచోట కుక్కలు మొరుగుతాయి, మనుషులు కూడా మొరుగుతారు. కొన్ని ఇండ్లలో కర్ర కూడా లేస్తుంది. బత్తా సకాలంలో కట్టని కక్షిదారు కూడా ఆయననే తిడతాడు. మా ఫిర్యాదు మనిషి మీద కాదు, పద్ధతి మీద.

కాయితం ముట్టకుంటే కేసు లేదా?

ఇది నాణేనికి రెండో వైపు. చెల్లె దావా వేసినప్పుడు అన్నలు చేసే పని ఇది. "కాయితం ముట్టుకుంటేనే కేసు, ముట్టకుంటే ఏం లేదు" అన్న నమ్మకం మన పల్లెల్లో బలంగా వుంది. జవాను వస్తే వెనుక దర్వాజా నుంచి పొలానికి పోతారు. పోస్టుమ్యానుకు "ఊళ్లె లేడని రాయి" అని చెబుతారు.

ఇది ఒట్టి భ్రమ. తీసుకోనన్నా తీసుకున్నట్టే. రిజిస్టరు కవరును నిరాకరించాడని పోస్టుమ్యాను రాసిస్తే, కోర్టు సమను అందినట్టు ప్రకటిస్తుంది. సరైన చిరునామాకు పంపిన కవరు రసీదు 30 రోజుల్లో తిరిగి రాకపోయినా అలాగే ప్రకటించే వీలు 9వ రూలులో వుంది. ఇక తప్పించుకు తిరుగుతున్నాడని కోర్టు నమ్మితే 20వ రూలు కింద ఇంటి మీదా, కోర్టు గోడ మీదా అంటించమనో, పత్రికలో వేయమనో ఆదేశిస్తుంది. అప్పుడు కేసు నడుస్తుంది, తప్పించుకున్నవాడే నష్టపోతాడు.

ఈ పత్రికా ప్రకటన సంగతి కూడా చూడండి. ప్రతివాది చివరగా నివసించిన ప్రాంతంలో వ్యాపించిన దినపత్రికలో వేయాలని రూలు. కానీ ఖర్చు తక్కువని, ఎవరి కంటా పడదని, ఊరికి ఒక్క ప్రతి కూడా రాని పత్రికను ఎంచుకునేవాళ్లున్నారు. అవతలివారి చిరునామా తెలిసివుండి కూడా ‘ఆచూకీ లేదు’ అని ప్రమాణపత్రం వేసేవాళ్లున్నారు. పండుగకు సారె పంపడానికి తెలిసిన చిరునామా, సమను పంపడానికి మాత్రం తెలియదట!

దుబాయి తమ్ముడు, భీవండి మరిది

మన రెండు జిల్లాల ప్రత్యేకత వలస. సిరిసిల్ల నేతకార్మికులు బొంబాయి, భీవండి, షోలాపురం మగ్గాలకు పోయారు. జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల రైతుబిడ్డలు గల్ఫ్ బాట పట్టారు. ఇంటింటికీ ఒకడు దుబాయిలోనో, సౌదీలోనో, కువైట్‌లోనో వుంటాడు. భూమి ఇక్కడ, వాటాదారు అక్కడ.

ఇంకో రాష్ట్రంలో వుంటే సమనును అక్కడి కోర్టుకు పంపి, అక్కడి జవాను ద్వారా ఇప్పిస్తారు. విదేశంలో వుంటే 25వ రూలు ప్రకారం అక్కడి చిరునామాకే పంపాలి. ఎమిరేట్స్‌తో మన దేశానికి 1999లో ఒప్పందం జరిగింది, దాని ప్రకారం కోర్టు కాయితాలు ప్రభుత్వాల ద్వారా పోతాయి. సమన్ల చేరవేత మీద 1965లో జరిగిన హేగ్ ఒప్పందంలో భారతదేశం 2006లో చేరింది, 2007 ఆగస్టు 1 నుంచి అది మనకు అమలైంది. గల్ఫ్ దేశాల్లో కువైట్ కూడా ఆ ఒప్పందంలో వుంది. దారులున్నాయి, కానీ నెలలు పడుతుంది. అందుకే దావా వేసేవాడు సుళువు దారి చూసుకొని, ఊళ్లోని ఇంటి చిరునామా రాసేస్తాడు. భార్య చేతో, ముసలి తల్లి చేతో సంతకం చేయించుకుంటారు. రెండేండ్లనుంచి ఎడారిలో వున్నవాడు ‘ఇంట్లో వుండేవాడు’ అవుతాడా, భార్య సంతకం చాలునా అన్న వాదన తర్వాత తీరిగ్గా నడుస్తుంది. ఈలోగా డిక్రీ అయిపోతుంది.

ఎడారిలోని కార్మికునికి సెలవు దొరకదు, పాస్‌పోర్టు కూడా కొన్నిచోట్ల యజమాని దగ్గరే వుంటుంది. అలాంటప్పుడు భారత రాయబార కార్యాలయంలో అటెస్టు చేయించిన ముఖ్త్యార్‌నామా పంపి, దేశంలో అందిన 3 నెలల్లోగా దానికి స్టాంపు వేయిస్తే, ఇక్కడి నమ్మకమైన మనిషి కేసు నడపవచ్చు. ఆ నమ్మకమైన మనిషి ఎదుటి పక్షం అన్న మాత్రం కాకూడదు.

అడవి ఊళ్ల సంగతి

ఆసిఫాబాద్, ఉట్నూరు ప్రాంతాల గూడేల సంగతి మరీ అన్యాయం. గోండు, కొలాం, పర్ధాన్ కుటుంబాల్లో ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, కాయితం మీది భాష ఇంకొకటి. ఇంటి నంబరు వుండదు. ఒకే గూడెంలో ఒకే పేరు గలవాళ్లు నలుగురుంటారు. వానాకాలం వాగు పొంగితే దారి వుండదు. నిజాం కాలంలో ఉర్దూ కాయితం చదవలేక గోండులు భూములు పోగొట్టుకున్న సంగతి చరిత్రకెక్కింది. 1940లో కుమ్రం భీం తిరుగుబాటు తర్వాత ఆ ప్రాంతానికి వచ్చిన హైమెన్‌డార్ఫ్ కూడా దీని గురించి రాశాడు. అప్పుడు ఉర్దూ, ఇప్పుడు ఇంగ్లీషు. గూడెంవాసికి తేడా ఏమిటి?

ఇంకో మాట. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు తనంతట తాను వర్తించదు. అక్కడ ఆచారమే ఆధారం. తాతల పేర వున్న పట్టా మీద ఎంతమంది వారసులు, ఎవరికి కాయితం పోవాలి అన్నది గూడెం పెద్దలకు తెలిసినంతగా దావా ఫారానికి తెలియదు. పేరు రాయబడని వారసునికి అసలు కాయితమే రాదు.

డిక్రీ అయినాక తెలిస్తే

నిరాశ పడవలసిన పని లేదు. ఇంకా డిక్రీ కాకుండా ఏకపక్షం అని మాత్రమే రాసివుంటే, తగిన కారణం చూపి 9వ ఆర్డరు 7వ రూలు కింద కేసులోకి రావచ్చు. డిక్రీ అయిపోతే 13వ రూలు కింద రద్దు కోరవచ్చు. గడువు 30 రోజులు. సమను సరిగా అందివుంటే డిక్రీ తేదీ నుంచి, అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజునుంచి లెక్క. పత్రిక ద్వారానో, గోడకు అంటించో 20వ రూలు కింద ఇచ్చిన సమను ఈ గడువు లెక్కకు సరైన అందజేత కిందికి రాదని 1963 లిమిటేషన్ చట్టం 123వ అధికరణమే చెబుతున్నది.

ఒక హెచ్చరిక. కేసు సంగతి, పేషీ తారీకు మీకు ముందే తెలుసని, వచ్చే వ్యవధి వుండి కూడా రాలేదని రుజువైతే, అందజేతలో చిన్నపాటి లోపం వుందన్న ఒక్క కారణంతో డిక్రీని రద్దు చేయరు. కాబట్టి చెవినపడ్డ రోజునే కదలాలి. "పండుగ కానియ్, నాట్లు కానియ్" అని ఆగితే 30 రోజులు నాట్ల లోపలే దాటిపోతాయి.

ఇంటివాళ్లు చేయవలసినవి

ఒకటి. వకీలు నోటీసు వేరు, కోర్టు సమను వేరు. వకీలు నోటీసు మీద కోర్టు మొహరు వుండదు. దానికీ జవాబు ఇవ్వడం మంచిదే. సమను మీద కోర్టు మొహరు, కేసు నంబరు, పేషీ తారీకు వుంటాయి. దానికి మాత్రం పోకుండా వుండరాదు.

రెండు. సంతకం చేసేముందు చదివించుకోండి. కాయితం మీద ఎవరి పేరుందో అడగండి. ఇంట్లో వుండనివారి కాయితం తీసుకోకండి, "ఆమె ఈ ఇంట్లో వుండదు, ఫలానా ఊళ్లో వుంటది" అని రాయమనండి. సంతకం పక్కన తారీకు మీ చేత్తోనే వేయండి. దావా నకలు ఇచ్చారా చూసుకోండి.

మూడు. అందిన రోజునుంచి 30 రోజుల్లో జవాబుదావా వేయాలి. కారణం చూపితే 90 రోజుల వరకు కోర్టు పొడిగించవచ్చు. ఆ పైన కోర్టు దయ.

నాలుగు. అన్నదమ్ములు ఇంజంక్షను తెస్తారన్న అనుమానం వుంటే ముందుగానే కోర్టులో కేవియట్ వేయవచ్చు. అది 90 రోజులు పనిచేస్తుంది. అప్పుడు మీకు చెప్పకుండా ఆర్డరు ఇవ్వరు.

ఐదు. మీ పేరు మీద కేసు వుందా లేదా అన్నది ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోనో, ఫోను యాప్‌లోనో పేరుతో వెతికి తెలుసుకోవచ్చు. చదువుకున్న మేనల్లుడో, కోడలో 5 నిమిషాల్లో చూసిపెడతారు. ఆరునెలలకొకసారి చూడటం మంచిది.

ఆరు. స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను చెబుతుంది. ఈ చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో వుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ వుంటుంది. ఫోను నంబరు 15100. అడగడానికి సిగ్గుపడవలసిన పనిలేదు, అది భిక్ష కాదు, హక్కు.

ప్రభుత్వం, కోర్టులు చేయవలసినవి

పంపకం దావాల్లో ఆడబిడ్డ చిరునామాగా తల్లిగారి ఇంటినే చూపితే కోర్టు ఆఫీసు అక్కడే ఆపి ప్రశ్నించాలి. పెండ్లయి ఎన్నేండ్లయింది, ఇప్పుడు ఎక్కడ వుంటున్నది అని వాదిచేత ప్రమాణపూర్వకంగా రాయించాలి. అందజేసిన జవానును కోర్టు ప్రమాణం మీద విచారించే అధికారం 19వ రూలులో వుంది. ఆ రూలును పుస్తకంలో పడుకోబెట్టకుండా వాడాలి. జవాను ఎక్కడికి వెళ్లాడో ఫోటోతో, స్థలంతో సహా నమోదు చేసే ఎన్-స్టెప్ పద్ధతి వచ్చింది, మంచిదే. కానీ ఫోటోలో ఇల్లు కనపడుతుంది, ఆ ఇల్లు ఎవరిదో కనపడదు. సమను తెలుగులో వుండాలి, పెద్ద అక్షరాలతో ‘మీరు రాకపోతే మీ భూమి హక్కు పోవచ్చు’ అన్న ఒక్క వాక్యం పైన వుండాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

రెవెన్యూ వైపు కూడా ఇదే జబ్బు. 2020 ధరణి చట్టం తర్వాత పాత రెవెన్యూ కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు అప్పగించారు. కక్షిదారులకు నోటీసు లేకుండా, వినకుండా తేల్చేస్తున్నారన్న ఫిర్యాదులు హైకోర్టు దాకా వెళ్లాయి. 2021లో హైకోర్టు నోటీసు ఇచ్చి వినవలసిందేనని చెప్పవలసివచ్చింది. 2025 భూభారతి చట్టంలో విరాసత్ చేసేముందు వారసులకు నోటీసు ఇచ్చి విచారించే ఏర్పాటు పెట్టారు. ఆ నోటీసు కూడా అన్న చేతికే పోతే మళ్లీ మొదటికే వస్తాము.

చివరిగా అన్నదమ్ములతో ఒక మాట. తగాదా పడండి, వాదించుకోండి, కోర్టుకే పోండి, అందులో తప్పు లేదు. కానీ చెల్లె అత్తగారి ఊరు మీకు తెలుసు. బతుకమ్మకు పిలవడానికి పోయే దారే అది. ఆ ఊరి పేరు దావా కాయితం మీద రాయండి. ఆమె వచ్చి అడిగితే ఇవ్వాలో వద్దో కోర్టు తేలుస్తుంది. అడగనియ్యకుండా చేసే హక్కు మాత్రం మీకు లేదు.